దగ్గు ఎక్కిన రైలు

గిట్టల జాడ – 9

1872 సెప్టెంబర్ ఆఖరు. కెనడాలో టొరంటో నగరానికి ఉత్తరాన, పాతిక కిలోమీటర్ల లోపు, యార్క్, స్కార్‌బరో, మార్కమ్ అనే వ్యవసాయ ప్రాంతాలు ఉండేవి. అక్కడి పచ్చిక బయళ్ళలో మేస్తున్న గుర్రాల్లో కొన్ని మేత మాని, తల వేలాడేసి నిలబడటం రైతుల కంట పడింది. ముందు పొడి దగ్గు. వెంటనే ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ తర్వాత ముక్కుల నుంచి చీమిడి, మొదట నీళ్ళలా, పోనుపోను చిక్కగా, పసుప్పచ్చగా. చలి ముదిరే కాలంలో గుర్రానికి జలుబు చేయడం ఏ రైతుకూ వింత కాదు. పట్నంలో బేరాలు ఆగవు కనుక బండ్లు టొరంటోకు పోతూనే ఉన్నాయి, వస్తూనే ఉన్నాయి.

అక్టోబర్ మొదటి రోజుల్లో ఆ దగ్గు టొరంటో లాయాల్లో వినిపించింది. బాడుగ బండ్ల గుర్రాలు, ట్రామ్ లాగే గుర్రాలు, ఒక్కో లాయంలో ఒకటితో మొదలై రోజుల వ్యవధిలో వరస మొత్తం పడకేశాయి. అప్పటికి అక్కడొక పశువైద్యుడు ఉండటం ఆ నగరం అదృష్టం. గత భాగంలో ఫ్రాన్సు దేశపు లియోన్‌లో 1760ల తొలినాళ్ళలో పశువైద్య పాఠశాల ఎలా పుట్టిందో చూశాం. ఆ విద్య అట్లాంటిక్ దాటి నిలదొక్కుకోవడానికి వందేళ్ళు పట్టింది. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చిన ఆండ్రూ స్మిత్ 1862లో టొరంటోలో పశువైద్య కళాశాల మొదలుపెట్టాడు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 1868లో జేమ్స్ లా అనే మరో స్కాట్లాండు వాసిని ఆచార్యుడిగా పిలిపించుకుంది. ఇలాంటి చదువు చదివినవాళ్ళు ఆ ఖండంలో చాలా కొద్దిమంది. మిగతా చోట్ల గుర్రానికి జబ్బు చేస్తే చూసేది నాడాలు కొట్టేవాడో, లాయంలో ముసలి సాయిసో, సీసాలో రంగునీళ్ళు అమ్ముకునేవాడో.

స్మిత్ తాను చూసిన లక్షణాలను జాగ్రత్తగా రాసిపెట్టాడు. ఇది మామూలు జలుబు కాదని, గుర్రాలకు వచ్చే ఇన్‌ఫ్లుయెంజా అని చదువుకున్న పశువైద్యులు త్వరలోనే ఒక మాట మీదికి వచ్చారు. ప్రాణం తీసే జబ్బు కాదని కూడా తేలింది. చాలా చోట్ల చచ్చిపోయినవి నూటికి ఒకటో రెండో. కొన్ని చోట్ల మాత్రం పది దాకా పోయింది. ఆ లెక్కన చూస్తే ఇది చరిత్ర పుస్తకాల్లో ఎక్కాల్సిన రోగమే కాదు. ఎక్కడానికి కారణం మరొకటి. వంద గుర్రాలుంటే దాదాపు వందకీ ఒకేసారి వచ్చేది.

ఇప్పుడు మనకు తెలిసిన సంగతి కొంత ఇక్కడే చెప్పుకుంటే ముందు కథ తేలిగ్గా అర్థమవుతుంది. గుర్రపు ఫ్లూ వైరస్ ఊపిరి గొట్టాల లోపలి పొరను పట్టుకుంటుంది. ఆ పొర మీద కంటికి కనపడని సన్నని కేశాల్లాంటివి ఉంటాయి. దుమ్మునూ కఫాన్నీ పైకి నెట్టడం వాటి పని. వైరస్ వాటిని రాలగొడుతుంది. మళ్ళీ మొలిచి పని అందుకోవడానికి మూడు వారాల దాకా పడుతుంది. వైరస్ లోపలికి పోయిన ఒకటి నుంచి మూడు రోజుల్లో దగ్గు మొదలవుతుంది. గుర్రం ఛాతీ ఎంత పెద్దదో దగ్గు అంత బలమైనది. దాంతో ఎగిరే తుంపర పదుల మీటర్ల దూరం పోతుంది. ఎదురుగా దగ్గే గుర్రం లేకపోయినా పరవాలేదు. ఉమ్మడి నీళ్ళ తొట్టి, ఒకదాని నోట్లోంచి తీసి మరోదానికి పెట్టిన కళ్ళెం, చీమిడి తుడిచిన గుడ్డ, సాయిసు చేతులు, చొక్కా, ఏదైనా సరిపోతుంది.

పల్లెలో ఒక పొలానికీ మరో పొలానికీ మధ్య కొంత ఎడం ఉంటుంది. ఒక రైతు దగ్గర ఉండేవి రెండు మూడు గుర్రాలు, మహా అయితే అరడజను. అవి పక్కవాటిని కలిసేది కొలిమి దగ్గరో, సంతలోనో, చర్చి ముందో. అక్కడ రోగం తాపీగా నడిచింది. పట్నంలో ట్రామ్ కంపెనీ లాయం సంగతి వేరు. స్థలం ఖరీదు కనుక గుర్రాలను మేడల మీద మేడలుగా, గాలి ఆడని అంతస్తుల్లో, వందలకొద్దీ కట్టేసేవారు. పొద్దున వీధిన పడితే రాత్రి దాకా నగరమంతా తిరిగి, ప్రతి వీధి తొట్టిలోనూ మూతి పెట్టి వచ్చేవి. పొలంలో పుట్టిన రోగానికి ఇంతకంటే మంచి చోటు మనిషి కావాలని కట్టినా దొరకదు.

కెనడాకూ అమెరికాకూ మధ్య గుర్రాల వ్యాపారం జోరుగా సాగే కాలం అది. అంటారియో రైతులు పెంచిన బలమైన గుర్రాలను అమెరికా బేరగాళ్ళు కొని రైలు పెట్టెల్లో ఎక్కించుకుపోయేవారు. అక్టోబర్ రెండో వారానికి సరిహద్దు ఊళ్ళు బఫలో, డెట్రాయిట్ దగ్గడం మొదలుపెట్టాయి. 20వ తేదీ దాటగానే న్యూయార్క్, బోస్టన్. నెలాఖరుకు ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, చికాగో. నవంబర్ చివరికి దక్షిణాన న్యూ ఆర్లియన్స్. డిసెంబర్‌లో ఓడ ఎక్కి క్యూబాలోని హవానా. పడమటి మైదానాలు, కొండలు దాటి 1873 వసంతానికి పసిఫిక్ తీరంలో శాన్‌ఫ్రాన్సిస్కో. మొదటి దగ్గు నుంచి లెక్కేసుకుంటే ఆరేడు నెలల్లో ఒక ఖండం.

న్యూయార్క్‌లో ఏం జరిగిందో ఊహించడానికి మన నగరాల్లో ఒకరోజు పొద్దున లారీలు, ఆటోలు, బస్సులు, అంబులెన్సులు అన్నీ కలిసి మొరాయించినట్టు అనుకోవాలి. రైళ్ళు ఆవిరితో నడుస్తున్నాయి, ఓడలు వస్తున్నాయి. స్టేషన్ నుంచి, రేవు నుంచి సరుకు కదిలించే దిక్కు లేదు. బొగ్గు గుట్టలు గుట్టలుగా పడి ఉంది. ఇళ్ళలో పొయ్యిలోకి లేదు. చెత్త ఎత్తేవాడు లేడు. ఉత్తరాల బట్వాడా నిలిచింది. డాక్టర్ రోగి దగ్గరికి కాలినడకన పోవాల్సి వచ్చింది. శవాన్ని శ్మశానానికి మనుషులే మోసుకుపోయారు. సారా దుకాణాలకు బీరు పీపాలు అందలేదన్నది పత్రికలకు మంచి వేళాకోళం అయింది. కాలువల్లో పడవలను గట్టు మీదనుంచి లాగే కంచరగాడిదలూ, గుర్రాలూ పడుకునేసరికి పడవలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

పల్లెల నుంచి ఎడ్లను తోలుకొచ్చారు. వాటి ధర కొండెక్కింది. పట్నం రాళ్ళు పరిచిన వీధుల మీద ఎడ్లు జారిపడుతుంటే చూడటానికి పిల్లలు గుంపులు కట్టేవారు. ఎడ్లు దొరకని చోట మనుషులు. కూలికి మనుషులు జట్లుగా కూడి బండి కాడి కింద మెడ పెట్టి లాగారు. అంతర్యుద్ధం ముగిసి ఏడేళ్ళు, ఖండం ఆ చివర నుంచి ఈ చివరకు రైలు పట్టాలు కలిసి మూడేళ్ళు. ఆవిరి యుగం వచ్చేసింది, ఇక జంతువుతో పనిలేదని ఉపన్యాసాలు దంచుతున్న దేశం అది. నిజానికి రైలు వచ్చాక గుర్రం పని తగ్గలేదు, పెరిగింది. రైలు తెచ్చి పోసే సరుకునంతా గడపగడపకూ చేర్చేది గుర్రమే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనుకోలేదంతే.

ఈ గందరగోళంలో నడివీధిలో నిలబడి గొడవ పెట్టుకున్న మనిషి హెన్రీ బెర్గ్. జంతువుల పట్ల క్రూరత్వాన్ని అడ్డుకునే సంఘాన్ని 1866లో న్యూయార్క్‌లో స్థాపించింది ఆయనే. రోగంతో తూలుతున్న గుర్రాలను ట్రామ్‌కు కట్టడం నేరమని కంపెనీలను హెచ్చరించాడు. వినకపోతే వీధిలోనే ట్రామ్ ఆపించి, గుర్రాలను విప్పించి, ప్రయాణికులను దించేశాడు. పత్రికలు ఆయన్ని ఎగతాళి చేశాయి. ప్రయాణికులు తిట్టారు. అయితే వైద్యం కోణం నుంచి చూసినా బెర్గ్ చేసిందే సరైన పని. జ్వరం తగ్గి నాలుగు రోజులు కాకముందే బరువు లాగించిన గుర్రాలకే ఊపిరితిత్తులు చెడ్డాయి, కాళ్ళకూ పొట్టకూ నీరు దిగింది. ఆ సీజన్‌లో చచ్చిన గుర్రాల్లో ఎక్కువ వంతు రోగంతో చావలేదు, పనితో చచ్చాయి. జ్వరం ఎన్ని రోజులుంటే అన్ని వారాల విశ్రాంతి ఇవ్వాలన్నది ఈనాటికీ గుర్రాల డాక్టర్లు చెప్పే లెక్క.

మందుల సంగతి చెప్పకపోతే కథలో ఉప్పు తగ్గుతుంది. చదువుకున్నవాళ్ళ సలహా సాదాసీదాగా ఉంది: పని మాన్పించండి, కంబళి కప్పండి, లాయంలోకి గాలి రానివ్వండి, తవుడు వేడినీళ్ళలో కలిపి మెత్తగా పెట్టండి. డబ్బు ఖర్చు లేని సలహాకు గిరాకీ ఉండదు. దాంతో తారు పొగ, గంధకం పొగ, జిన్ సారాలో అల్లం, పాషాణం, నరం కోసి నెత్తురు తీయడం, అన్నీ గుర్రం మీదికి వచ్చాయి. ఊపిరాడని జంతువును మూసిన గదిలో పెట్టి గంధకం కాల్చడం చూస్తే, మందు వేయని గుర్రాలే నయం అనిపిస్తుంది.

అసలు రోగం ఎందుకొచ్చింది? ఇక్కడ నగరాలు రెండు శిబిరాలయ్యాయి. ఎక్కువమంది ఉన్న శిబిరం గాలిని తప్పుపట్టింది. ఆ ఏడు వేసవి వేడి ఎక్కువన్నారు. గాలిలో ఓజోన్ పెరిగిందన్నారు, కాదు తగ్గిందన్నారు. ఒక్కసారిగా ఇన్ని వేల గుర్రాలు పడకేయడం చూసినవాడికి ఆకాశం నుంచి ఏదో దిగిందనిపించడం సహజం. పైగా ఆ సిద్ధాంతం అందరికీ సౌకర్యం. తప్పు గాలిదైతే లాయం యజమాని గుర్రాలను వేరు చేయనక్కర్లేదు, బేరగాడు బేరం ఆపనక్కర్లేదు, ట్రామ్ కంపెనీకి నష్టం రాదు. అంటువ్యాధి అని ఒప్పుకుంటే మర్నాటి నుంచే ఏదో ఒకటి ఆపాలి. నా ఉద్దేశంలో ఆ కాలపు వాదనలన్నిటి అడుగునా ఉన్నది ఇదే. సూక్ష్మజీవుల సిద్ధాంతం ఇంకా నిలదొక్కుకోలేదు కనుక వాళ్ళకు తెలియలేదని మనం సర్దిచెబుతుంటాం. తెలుసుకునే దారి అప్పుడూ ఉందని ఒక మనిషి చేసి చూపించాడు.

ఆయన పేరు అడోనిరామ్ జడ్సన్. న్యూయార్క్ ఆరోగ్య శాఖలో పనిచేసే వైద్యుడు, మనుషుల డాక్టరే. తర్వాత ఎముకల వైద్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. గుర్రాల గురించి ఆయన వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది: ఏ ఊళ్ళో మొదటి గుర్రం ఏ రోజున దగ్గింది? ఉత్తరాలు, పత్రికల్లో వార్తలు కూడేసి, ఊరూ తేదీ, ఊరూ తేదీ పేర్చుకుంటూ పోయాడు. వాటిని పటం మీదికి ఎక్కించాడు. 1873లో అమెరికా ప్రజారోగ్య సంఘం ముందు పెట్టిన ఆ నివేదిక ఇప్పుడు చదివినా దాని నిబ్బరం ముచ్చటేస్తుంది. ఎక్కడా అరుపు లేదు. తేదీలే మాట్లాడతాయి.

గాలి తెచ్చిన రోగమైతే గాలివాటున పోవాలి. ఇది టొరంటో నుంచి తూర్పుకూ పోయింది, పడమరకూ పోయింది, దక్షిణానికీ పోయింది. వాతావరణం కారణమైతే ఎండ, మంచు, ఎత్తు, పల్లం తేడాలు కనిపించాలి. గడ్డకట్టే చలిలోనూ వచ్చింది, క్యూబా ఉక్కలోనూ వచ్చింది. మరి దేన్ని బట్టి పోయింది? రైలు పట్టాలను బట్టి, కాలువలను బట్టి, రోడ్లను బట్టి. పెద్ద జంక్షన్లలో ముందు, పక్క ఊళ్ళలో తర్వాత, రైలు లేని పల్లెల్లో ఇంకా తర్వాత. జనం, గుర్రాలు కిక్కిరిసిన తూర్పు రాష్ట్రాలను వారాల్లో చుట్టేసింది. జన సంచారం పలచగా ఉన్న పడమటి మైదానాల్లో నెలల తరబడి నింపాదిగా కదిలింది. గాలి ఎప్పుడైనా ఖాళీ నేల చూసి నెమ్మదిస్తుందా? ఏ చోటా గుర్రం ప్రయాణం చేయగలిగినదాని కంటే రోగం వేగంగా పోలేదు.

ఇక్కడ పైన చెప్పుకున్న ఒకటి నుంచి మూడు రోజుల గడువు గుర్తు చేసుకోవాలి. బఫలోలో బేరగాడు నోరు తెరిచి పళ్ళు చూసి, కాళ్ళు తడిమి, నిక్షేపంగా ఉందనుకుని కొన్న గుర్రం రైలెక్కుతుంది. పెట్టెలో పక్కన మరికొన్ని. దిగాల్సిన ఊళ్ళో దిగేసరికి దగ్గు. రైలు రాక ముందు కాలంలోనూ గుర్రాలకు ఈ జబ్బు వచ్చేది. తూలే గుర్రం సొంత కాళ్ళ మీద వందల కిలోమీటర్లు నడవలేదు, దారిలోనే ఎక్కడో ఆగిపోయేది. రైలు దాన్ని పడుకోబెట్టి తీసుకుపోయింది. అప్పటి పత్రికలు దీనికి కెనడా రోగమని పేరు పెట్టి పొరుగు దేశం మీదికి నెట్టాయి. అంతదాకా మోసుకొచ్చింది తమ సొంత వ్యాపారమని జడ్సన్ పటం చెబుతోంది. లండన్ కలరా పటం గీసిన జాన్ స్నో పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. జడ్సన్ పేరు ఎక్కలేదు. చచ్చింది గుర్రాలు కనుక కావచ్చు.

ఈ రోగం పేరు చెప్పగానే అమెరికన్లకు మొదట గుర్తొచ్చేది బోస్టన్ అగ్నిప్రమాదం. 1872 నవంబర్ 9, శనివారం రాత్రి ఏడు దాటాక సమ్మర్ స్ట్రీట్, కింగ్‌స్టన్ స్ట్రీట్ కలిసే మూలన ఒక గోదాములో మంటలు లేచాయి. మర్నాడు అవి ఆరేసరికి 65 ఎకరాల్లో 776 భవనాలు బూడిద. ఆవిరితో నడిచే అగ్నిమాపక యంత్రాలు టన్నుల బరువు ఉంటాయి, వాటిని లాగేది గుర్రాలు. ఆ వారం గుర్రాలు లేవు. అందుకే ఊరు కాలిపోయిందని కథ. వినడానికి బాగుంటుంది, అందుకే నూట యాభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు. ప్రమాదం తర్వాత జరిగిన విచారణ చెప్పింది వేరు. అగ్నిమాపక దళాధిపతి జాన్ డామ్రెల్ గుర్రాలు పడకేసినప్పుడే ఈ ముప్పు ఊహించి, యంత్రాలను లాగడానికి అదనంగా మనుషులను కూలికి పెట్టుకున్నాడు. మనుషులు లాగడం వల్ల పోయింది కొద్ది నిమిషాలే. అసలు ద్రోహం చేసినవి సన్నని పాత నీటి గొట్టాలు, ఒకదానికొకటి అతకని కుళాయి మరలు, పక్కపక్కనే అంటుకునే కొయ్య పైకప్పులు. ముందు ఏడాది చికాగో తగలబడ్డాక డామ్రెల్ పెద్ద గొట్టాలు వేయమని అడిగాడు. వేయలేదు. గుర్రాల రోగం లేకపోయినా బోస్టన్ కాలిపోయేదనే నా నమ్మకం. 1873 సెప్టెంబర్‌లో అమెరికా బ్యాంకులు కుప్పకూలడానికి కూడా ఈ దగ్గే కారణమని కొందరు రాస్తుంటారు. రైలు కంపెనీల మీద పిచ్చిగా పెట్టిన అప్పులను వదిలేసి పాపం గుర్రాన్ని పట్టుకోవడం అది.

కోళ్ళ సంగతి మాత్రం కొట్టిపారేయలేం. ఆ నవంబర్‌లోనే, గుర్రాలు దగ్గుతున్న ప్రాంతాల్లోనే, పొలాల్లో కోళ్ళు, టర్కీ కోళ్ళు గుంపులుగా చనిపోతున్నాయని పత్రికలు రాశాయి. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. గుర్రపు ఫ్లూ వైరస్‌ను మొదట వేరుచేసింది 1956లో, ప్రాగ్ నగరంలో. 1963లో మయామీలో మరో రకం దొరికింది. ఇప్పుడు ప్రపంచంలో తిరుగుతున్నది ఆ రెండో రకమే. మొదటి రకం 1970ల చివరి నుంచి దాదాపుగా జాడ లేదు. 2014లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ వొరోబీ బృందం పక్షుల ఫ్లూ వైరస్‌ల జన్యువుల వంశవృక్షం గీసి చూసింది. ఆధునిక పక్షి ఫ్లూ లోపలి జన్యువుల్లో చాలావాటి మూలం 19వ శతాబ్దం చివరి భాగానికి, ఆ మొదటి రకం గుర్రపు ఫ్లూకు దగ్గరగా పోయింది. 1872తో సరిపోయే కాలం. ఆనాటి గుర్రం చీమిడి సీసాలో ఎవరూ దాచలేదు కనుక రుజువు పూర్తి కాదు. పక్షి నుంచి గుర్రానికా, గుర్రం నుంచి పక్షికా అన్న వాదన అలా ఉంచి, పొలంలో కోడి, గుర్రం ఒకే కప్పు కింద బతికే రోజుల్లో రోగాలకు గోడలు లేవన్నది స్పష్టం.

మరి వైరస్ తెలిశాక, టీకా వచ్చాక, క్వారంటైన్ కేంద్రాలు కట్టాక? నూట ముప్పై అయిదేళ్ళు ముందుకు దూకుదాం. 2007 ఆగస్టు దాకా ఆస్ట్రేలియాలో గుర్రపు ఫ్లూ అడుగుపెట్టలేదు. నాలుగు వైపులా సముద్రం, కట్టుదిట్టమైన చట్టాలు. అయితే ఆధునిక గుర్రాల వ్యాపారంలో ఒక ఆచారం ఉంది. పేరున్న మగగుర్రాలను ఉత్తరార్ధగోళంలో ఒక సీజన్, దక్షిణార్ధగోళంలో మరో సీజన్ జత కట్టించడానికి విమానాల్లో తిప్పుతారు. ఆ ఆగస్టులో జపాన్ గుర్రప్పందేలను ఫ్లూ ఆపేసింది. అదే నెలలో జపాన్ నుంచి వచ్చిన మగగుర్రాలు సిడ్నీ పక్కన ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రంలో దిగాయి. అక్కడే రోగం బయటపడింది. అక్కడే ఆగాలి కూడా.

ఆగలేదు. హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ నెలల తరబడి విచారణ జరిపి తేల్చింది ఇది: గుర్రం బయటికి రాలేదు. వైరస్ చాలావరకు ఒక మనిషి ఒంటి మీదో, బట్టల మీదో, సామాను మీదో గేటు దాటి ఉంటుంది. కేంద్రంలోకి వచ్చిపోయే సాయిసులు, డాక్టర్లు, నాడాలు కొట్టేవాళ్ళు స్నానం చేసి బట్టలు మార్చుకుని పోవాలన్న పద్ధతి అక్కడ సరిగా అమలు కాలేదు. ఆగస్టు 17 నుంచి 19 దాకా మైట్‌లాండ్ దగ్గర జరిగిన ఒక గుర్రాల పోటీ తర్వాత అక్కడ కలిసిన గుర్రాలు ట్రైలర్లలో తమ తమ పొలాలకు, రెండు రాష్ట్రాలకు, చెదిరిపోయాయి. 24న సిడ్నీ నడిబొడ్డున సెంటెనియల్ పార్కు లాయాల్లో దగ్గు వినిపించింది. మర్నాటికి దేశమంతటా గుర్రం కదలరాదని ఆజ్ఞ.

జడ్సన్ బతికి ఉంటే ఆ ఆజ్ఞ చూసి తృప్తి పడేవాడు. క్వీన్స్‌లాండ్‌లో వార్విక్ దగ్గర మోర్గన్ పార్కులో పోటీలకు వచ్చిన వందలాది గుర్రాలూ, వాటితో వచ్చిన మనుషులూ అక్కడే చిక్కుకుపోయి వారాలపాటు గుడారాల్లో, ట్రక్కుల్లో కాపురం పెట్టారు. సిడ్నీలో వసంతకాలపు పందేలు రద్దయ్యాయి. సెప్టెంబర్‌లో మొదలవ్వాల్సిన జత కట్టే సీజన్ హంటర్ లోయలోని పెద్ద పెద్ద గుర్రాల ఫారాల్లో తలకిందులైంది. అధికారులు పటాల మీద రంగు రంగుల మండలాలు గీశారు, చుట్టూ టీకాల వలయం వేశారు. రోగం వచ్చిన గుర్రాన్నీ టీకా వేసిన గుర్రాన్నీ రక్తపరీక్షలో వేరుచేసి చెప్పగల టీకా అది. 1872కూ 2007కూ మధ్య ఉన్న దూరమంతా ఆ ఒక్క సంగతిలో ఉంది. దాదాపు 10 వేల ఆవరణల్లో సుమారు 70 వేల గుర్రాలకు సోకింది. లక్షకు పైగా గుర్రాలకు టీకాలు పడ్డాయి. ఆ డిసెంబర్ తర్వాత కొత్త కేసు లేదు. అంత పెద్దగా అంటుకున్నాక పూర్తిగా తుడిచేసుకున్న దేశం అదొక్కటే.

అలా ఆపగలగడానికి సముద్రం కావాలి, డబ్బు కావాలి, ప్రతి గుర్రం ఎక్కడుందో తెలియాలి. ఈ మూడూ లేని చోట ఏమవుతుందో చూడటానికి మనం మన దేశం దాటి పోనక్కర్లేదు. ఇరవై ఏళ్ళ విరామం తర్వాత 2008 జూన్‌లో గుర్రపు ఫ్లూ మళ్ళీ భారత్‌లో తల ఎత్తింది, జమ్మూలోని కట్రాలో. వైష్ణోదేవి కొండకు యాత్రికులను మోసే పొట్టి గుర్రాలు, కంచరగాడిదలు వేలల్లో ఉండే ఊరది. మన జిల్లాల నుంచి పోయేవాళ్ళు ఎక్కేది వాటినే. అక్కడి నుంచి వచ్చే ఏడాదిలోగా అది పలు రాష్ట్రాలకు పాకింది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు వైరస్‌ను వేరుచేసి రకం తేల్చారు. దారి మాత్రం పాతదే: యాత్ర ముగిసిన చోటు నుంచి మరో పనికి, ఇటుక బట్టీలకు, సంతలకు, పెళ్ళి ఊరేగింపులకు తోలుకుపోయే జంతువు.

2025 వేసవిలో కేదార్‌నాథ్ యాత్ర తెరుచుకునే వేళకు రుద్రప్రయాగ జిల్లాలో మళ్ళీ ఇదే దగ్గు. కంచరగాడిదలు చనిపోవడంతో నడక దారిలో వాటి రాకపోకలను తాత్కాలికంగా నిలిపేశారు, పరీక్షలు చేసి రోగం లేనివాటినే పంపాలన్నారు. ఒక్కో జంతువు వెనుక ఒక కుటుంబం. ఏడాదిలో వాళ్ళకు సంపాదన ఉండేది మంచు కరిగి దారి తెరిచిన ఆ కొన్ని నెలలే. జ్వరం నాలుగు రోజులుంటే నాలుగు వారాల విశ్రాంతి అన్న లెక్క వాళ్ళకూ డాక్టర్లు చెప్పే ఉంటారు. చేసిన అప్పుకు వడ్డీ మాత్రం ఆ నాలుగు వారాలూ ఆగదు.

(వచ్చే భాగం: గుర్రం నుంచి మనిషికి పాకే గ్లాండర్స్, మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని ఆయుధం చేసిన గూఢచారులు)